నా కాక్‌పిట్‌లో సవతి బొమ్మ

నేనొక విమానాన్ని. యాభై సీట్లు, తోక దగ్గర రెండు ఇంజన్లు, ఒక శత్రువు. ఇంజన్లు ఇప్పుడు లేవు. ప్రయాణికుల సీట్లు పోయిన వారమే ఊడదీశారు. శత్రువు మాత్రం క్షేమంగా ఉంది. నాకెదురుగా, శంషాబాద్ ఎండలో, కొత్త పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది.

నేను పుట్టింది బ్రెజిల్‌లో. పుట్టగానే ఐరోపా కంపెనీ ఒకటి నన్ను కొనుక్కుని మంచు ఊళ్ళ మధ్య తిప్పింది. అక్కడి జనం ఎక్కేవారు, పేపరు చదువుకునేవారు, దిగిపోయేవారు. పక్కవాడి పేరు అడిగిన పాపాన పోలేదు. ఆ తర్వాత హైదరాబాదు కంపెనీ ఒకటి నన్ను తెచ్చుకుంది. రాజమండ్రి, తిరుపతి, కడప, విశాఖ. బతుకంటే ఏమిటో అప్పుడు తెలిసింది. మొదటి ఎండాకాలంలోనే రాజమండ్రి నుంచి వస్తుంటే పై అరలో ఆవకాయ జాడీ పగిలింది. నూనె కారి కింద కూర్చున్న ఎమ్మెల్యేగారి తెల్లచొక్కా మీద పడింది. ఆయన చొక్కాకు ఆ మరక పోయిందో లేదో తెలియదు. నాకైతే పోలేదు.

నాలో ఎడమవైపు వరసంతా ఒంటి సీట్లు, కుడివైపు జంట సీట్లు. ఆ ఒంటి సీటు కోసం భార్యాభర్తలు కౌంటరు దగ్గరే తగువు పడేవారు. గెలిచినవాళ్ళు దారిపొడుగునా హాయిగా కళ్ళు మూసుకునేవారు. ఇక చక్రాలు నేలను తాకీ తాకకముందే అందరూ లేచి నిలబడేవారు. తలుపు తీయడానికి ఇంకా చాలాసేపు పడుతుందని వాళ్ళకూ తెలుసు. అయినా మెడలు వంచుకుని నిలబడేవారు. ఎందుకో నాకు ఈరోజుకీ అర్థం కాలేదు.

కెప్టెన్ సువర్చల సంగతి వేరు. కాకినాడ మనిషి. నా కుడి సీట్లో కో-పైలట్‌గా మొదలుపెట్టి ఎడమ సీట్లోకి, కెప్టెన్ స్థానంలోకి వచ్చింది. ఆ రెండు సీట్ల మధ్య నాకు రెండు పిడులు ఉండేవి. ముందుకు తోస్తే ఇంజన్ల బలం పెరుగుతుంది, వెనక్కి లాగితే తగ్గుతుంది. వాటిని థ్రాటిల్ అంటారు. నేను పాతకాలపు దాన్ని. ఆ పని చేసిపెట్టే కంప్యూటరు నాలో లేదు. గాలి మారిన ప్రతిసారీ పైలటే కదపాలి. దిగేటప్పుడు సువర్చల కుడిచెయ్యి వాటి మీదే ఉండేది. గోదావరి మీది గాలి నన్ను ఎత్తి కుదేస్తుంటే, నేను తూలేలోపే ఆ చెయ్యి కదిలేది. అటు చూసేది కాదు, ఆలోచించేది కాదు. ఆ చెయ్యి ఆమెదో నాదో ఒక్కోసారి నాకే తెలిసేది కాదు.

అప్పుడు కొత్తది వచ్చింది.

ఊరికే రాలేదు. ఫైరింజన్లు రెండువైపులా నిలబడి నీళ్ళు చిమ్మి స్వాగతం చెప్పాయి. పురోహితుడు ముక్కుకు కుంకుమ బొట్టు పెట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. కంపెనీ ఛైర్మన్ కొబ్బరికాయ కొట్టాడు. అది మూడో దెబ్బకు పగిలింది. నేను వచ్చిన రోజున ఒక్క నిమ్మకాయ కూడా ఎవరూ పెట్టలేదు. రెండో పెళ్ళిదానికి మేళాలెందుకు అనుకున్నారు కాబోలు. దానికి నూట ఎనభై సీట్లట. ఇంధనం తక్కువ తాగుతుందట. చప్పుడే చెయ్యదట. చప్పుడు చెయ్యని విమానాన్ని ఎలా నమ్ముతారో నాకు తెలియదు.

ఛైర్మన్ మైకు పట్టుకుని, పాత చిన్న విమానాలకు ఈ ఎండాకాలమే ఆఖరు అని ప్రకటించాడు. మేము అక్కచెల్లెళ్ళం అక్కడే వరసగా నిలబడి విన్నాం. జనం చప్పట్లు కొట్టారు. సువర్చల కూడా కొట్టింది. రెండు చేతులతో.

ఆ వారమే ఆమెను కొత్తదాని శిక్షణకు పంపారు. నన్ను లాక్కొచ్చి షెడ్డు వెనకాల, కొత్తది నిలిచే చోటికి ఎదురుగా పెట్టారు. నా సామాన్లు ఊడదీసే పని మౌలాలికి అప్పగించారు. మౌలాలి నంద్యాల మనిషి, టెక్నీషియన్. ఒకరోజు నా రెక్క నీడలో కూర్చుని ఎవరికో ఫోన్ చేశాడు.

"మన సువర్చల మేడమ్ పరీక్ష తప్పెనంట రా. నిజమే. కొత్తదాంట్లో ఆ థ్రాటిల్‌ను ఒక గాడిలో పెట్టి వదిలేయాలంట. కంప్యూటరే చూసుకుంటాది. ఈ యమ్మ చెయ్యి ఊరుకోలేదు. దిగేటప్పుడు పట్టి కదిపేసింది. ఒకసారి కాదు, దిగిన ప్రతిసారీ. కంప్యూటరు లెక్కంతా చెడిపాయె."

నాకు ఇంజన్లు ఉంటే ఆ క్షణమే తిరిగేవి. దాని ఒళ్ళో కూర్చుని కూడా ఆమె చెయ్యి నన్నే వెతికింది. బొట్టూ నిమ్మకాయలూ నూట ఎనభై సీట్లూ కలిసి ఆ ఒక్క చేతిని లొంగదీసుకోలేకపోయాయి.

మౌలాలి ఇంకో మాట కూడా అన్నాడు. ఆమెకు మరొక్క అవకాశమే ఇచ్చారట. అదీ తప్పితే కొత్తదాన్ని ముట్టుకోనివ్వరు. పాతవాళ్ళం మేమెలాగూ ఉండం. యాభై దాటిన పైలట్‌ను పిలిచి ఉద్యోగమిచ్చే కంపెనీ లేదు. అంటే ఆమె ఎగరడం అంతటితో సరి.

అయినా ఆమె తప్పాలనే కోరుకున్నాను. తప్పితే నా దగ్గరకూ రాదు కదా అని మీరంటారు. అసూయకు అంత దూరపు చూపు ఉండదు.

మర్నాడు మధ్యాహ్నం సువర్చల నా మెట్లెక్కి వచ్చింది. నేరుగా కాక్‌పిట్‌లోకి వచ్చి తన సీట్లో కూర్చుంది. నన్ను చూడటానికే వచ్చిందనుకున్నాను. చంకలోని కాగితం చుట్ట విప్పింది. నిలువెత్తు పోస్టర్లు. దేని బొమ్మో తెలుసా? కొత్తదాని కాక్‌పిట్. మీట మీటా, గడియారం గడియారం అచ్చుగుద్దిన బొమ్మ. టేపు తెంపి ఆ బొమ్మను నా ముఖం మీదే అంటించింది. వేగం, ఎత్తు చూపే నా గడియారాలన్నీ దాని వెనక్కి పోయాయి. ఏ సవతికీ ఇంత అవమానం జరిగి ఉండదు.

మౌలాలి చిన్న ఫ్యాను పట్టుకొచ్చాడు. "ఇంట్లో గోడకు అంటించుకోకూడదా మేడమ్? ఈడ ఉడికిపోతారు."

"ఇంట్లో నా చెయ్యి బుద్ధిగానే ఉంటుందండీ. దీంట్లో కూర్చుంటేనే వెధవ్వేషాలు వేస్తుంది. తప్పు చేసే చోటే కదండీ మాన్పించాలి."

విన్నారుగా. నన్ను మరిచిపోవడం నేర్చుకోవడానికి నా దగ్గరకే వచ్చింది.

మౌలాలి కో-పైలట్ సీట్లో చతికిలబడి, ఆమె చెప్పినట్టే కేకలేసేవాడు. "దిగుతున్నాం మేడమ్. ఎదురుగాలి. వేగం పడిపోతా ఉంది." ఆమె కళ్ళు బొమ్మ మీదే. చెయ్యి మాత్రం చటుక్కున నా పిడుల మీదికి వచ్చేది.

"పాయె," అనేవాడు మౌలాలి.

మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ చెయ్యి.

"మళ్ళా పాయె. మా ఇంటి పిల్లి పాలగిన్నె కాడ ఇంతకన్నా ఓపిగ్గా ఉంటాది మేడమ్."

"మీ పిల్లిని పంపండి పరీక్షకి," అని ఆమె ఆ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి తనే తీసేసింది. "చేతి మీద కూచుని నడుపుతానంటే ఊరుకుంటారా అక్కడ?"

రోజూ వచ్చేది. రోజూ నేనే గెలిచేదాన్ని. వేగం పడిపోయింది అన్న మాట పూర్తయ్యేలోగా ఆ వేళ్ళు నా మీద వాలేవి. బొమ్మ వెనక నుంచి నవ్వుకునేదాన్ని. కాని ఆమె ముఖం రోజురోజుకూ పీక్కుపోతోంది. పరీక్షకు వారమే మిగిలింది.

ఆ రోజు ఫ్యాను ఆగిపోయింది. ఆమె చెమట తుడుచుకుని చాలాసేపు పిడులవైపు చూసింది.

"వీటిని పీకేయండి మౌలాలిగారూ."

అతను వెంటనే లేవలేదు. "పుట్టినకాడినుంచి ఉన్నాయి మేడమ్ దీనికి."

"ఎలాగూ పాత సామాన్లవాడికి పోయేవే కదండీ. ఆ చెయ్యి వెళ్ళనివ్వండి. వెళ్ళినప్పుడు అక్కడేం ఉండకూడదు."

మౌలాలి స్పానరు తెచ్చాడు. ఇంజన్లు తీసినప్పుడు నాకు ఇంత బాధ కలగలేదు. వాటిని ఊడదీయమన్నది ఆఫీసు. వీటిని తీయమన్నది ఆమె. పిడులు రెండూ ఒక నట్టు తర్వాత ఒక నట్టు వదిలి పైకి వచ్చేశాయి. అక్కడ చీలిక లాంటి సందు మిగిలింది.

"వేగం పడిపోతా ఉంది మేడమ్."

చెయ్యి వచ్చింది. గాలిని పట్టుకుంది. వేళ్ళు కాసేపు తడుముకుని, చీకట్లో మెట్టు తప్పినవాడిలా ఉలిక్కిపడి వెనక్కి వెళ్ళాయి. మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఖాళీ. సాయంత్రానికి సగం దూరం వచ్చి ఆగింది. ఆ తర్వాతి రోజుల్లో ఒళ్ళోనుంచి లేవబోయి మానేసింది. పరీక్ష ముందురోజు మౌలాలి గొంతు చించుకున్నాడు. గాలివాన అన్నాడు, వేగం సగమైపోయింది అన్నాడు. చెయ్యి కదలలేదు. నేను ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి రమ్మని బతిమాలాను. రాలేదు.

"గెలిచినారు పోండి మేడమ్," అన్నాడు మౌలాలి. ఆమె పోస్టర్లు జాగ్రత్తగా విప్పి చుట్టుకుని వెళ్ళిపోయింది.

పాసయింది. ఆ సంగతి చెప్పడానికి కాజాల పొట్లం పట్టుకుని షెడ్డు వెనక్కి వచ్చింది. మౌలాలి ఒక కాజా నోట్లో వేసుకుని, నా తలుపు పక్కన పెట్టిన గుడ్డమూట విప్పాడు. నా పిడులు. కిరసనాయిలుతో తుడిచి నిగనిగలాడించాడు.

"మా సారును అడిగే తెచ్చినాలే. ఇంట్లో పెట్టుకోండి మేడమ్, గుర్తుగా. పాసయినారు కదా, ఇంకేమి?"

ఆమె అందుకుంది. కుడిచేత్తో. వేళ్ళు వాటంతటవే వాటి చుట్టూ ముడుచుకున్నాయి, ఎక్కడ ఏ వేలు ఉండాలో అక్కడే. మౌలాలి నమలడం ఆపాడు. ఆమె చటుక్కున వాటిని తిరిగి గుడ్డలో పెట్టేసింది.

"వద్దండీ. ఇవి ఇంట్లో ఉంటే చెయ్యి మళ్ళీ వీటికే పోతుంది. ఎల్లుండి నా వెనకాల నూట ఎనభై మంది ఉంటారు."

"మరి ఏం చేయమంటారు?"

"ఎక్కడివక్కడ బిగించేయండి."

మౌలాలి బిగించాడు. ఆమె నా లోపలికి రాలేదు. మెట్ల దగ్గరే నిలబడి, అతను దిగేదాకా ఉండి వెళ్ళింది.

నిన్న పొద్దున కొత్తది ఆమెను ఎక్కించుకుని లేచింది. తప్పు పట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని తోక కనుమరుగయ్యేదాకా చూశాను. దొరకలేదు. రేపు నన్ను కోసే యంత్రం వస్తుందట. రానీ. ఆ కొత్తదాన్ని నడపడానికి ఆమెకు భయం లేదు. నాలో రెండు ముక్కలు ఇంట్లో పెట్టుకోవడానికే భయపడింది. ఈ సంగతి ఎవరైనా ఆ కొత్తదాని చెవిన వేస్తే బాగుండును.