ముసుగు సంఖ్య

పెద్దకోడలికి చిన్నకోడలంటే గిట్టదు. ఆ మాట ఎవరైనా పైకి అంటే మాత్రం ఆవిడ ఒప్పుకోదు. "దాన్ని మా పరిశోధనశాలకు తీసుకొచ్చింది నేను కాదూ? మా మరిదికి చూపించింది నేను కాదూ?" అని ఏకరువు పెడుతుంది. రెండూ నిజమే. ఆవిడ కడుపుమంటకు ఆ రెండు నిజాలూ అడ్డం రాలేదు సరికదా, ఎండుపుల్లల్లా పనికొచ్చాయి.

ఇద్దరిదీ ఒకే పని. ప్రోటాన్ల, న్యూట్రాన్ల లోపల ఉండే క్వార్కులనే ఇంకా చిన్న కణాలు ఎలా మెలుగుతాయో కంప్యూటర్‌లో కట్టి చూడటం. స్థలాన్నీ కాలాన్నీ గళ్ళుగా కోసి, ఆ గళ్ళలో క్వార్కులను వదిలి, యంత్రాల చేత నెలల తరబడి లెక్క కట్టిస్తారు. ఈసారి తేల్చవలసింది ఒకే ఒక్క సంఖ్య. న్యూట్రాన్ ఎంత త్వరగా ప్రోటాన్‌గా మారుతుందన్నది దాని మీద ఆధారపడుతుంది. చిక్కేమిటంటే, ప్రయోగాలు చేసేవాళ్ళు దాన్ని ఎప్పుడో కొలిచేశారు. జవాబు ముందే తెలిసిన మనిషి తనకు తెలియకుండానే లెక్కను అటువైపు లాగుతాడు. అందుకని వాళ్ళకొక కట్టుబాటు ఉంది. యంత్రం ఇచ్చిన అంకెలన్నిటినీ ఒక రహస్య సంఖ్యతో గుణించి, అప్పుడే లెక్క చేసే మనిషి చేతికిస్తారు. ఆ ముసుగు సంఖ్య ఒక్కరి దగ్గరే ఉంటుంది. పనంతా ముగిశాక అందరి ముందూ దానితో భాగించి ముసుగు తీస్తారు. ఆపైన దిద్దుబాట్లు లేవు, వచ్చింది వచ్చినట్టు అచ్చుకు పోవాల్సిందే.

ఈసారి లెక్క చిన్నకోడలిది. ముసుగు సంఖ్య పెద్దకోడలి దగ్గరుంది.

అంటే కాపలా ఉద్యోగమన్నమాట, అనుకుంది ఆవిడ. తల నెరిసేదాకా ఈ గళ్ళతో కుస్తీ పట్టింది తను. నిన్నగాక మొన్న వచ్చినదానికి లెక్క, తనకు కాపలా! ఇంట్లోనూ అదే తంతు. క్వార్కంటే ఏమిటో అత్తగారికి తెలియదు గాని, "మా చిన్నది చేసే లెక్క కోసం ఎక్కడెక్కడివాళ్ళో కాచుక్కూచున్నారట" అని పక్కింటావిడకు చెప్పుకుని మురిసిపోతుంది. పెద్దకోడలు ఇలాంటి లెక్కలే చేసిన రోజుల్లో, "కళ్ళు పాడవుతాయి, లైటేసుకో" అనడం తప్ప ఇంకేమీ ఎరగదు.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళారు. పెద్దకోడలు చిన్నకోడలి ఫలితాన్ని తెరిచింది. ఒక్క భాగహారం. చెయ్యకూడదు, చేసేసింది. జవాబు కొలిచిన విలువతో అతికినట్టు సరిపోయింది. తప్పు దొరుకుతుందేమోనని వెతికిన మనిషికి ఇంత ఒప్పు దొరికేసరికి ఒళ్ళు భగ్గుమంది.

ఆ సాయంత్రమే చిన్నకోడలు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"అక్కా, ఒకచోట తేల్చుకోలేకపోతున్నా. ఈ గ్రాఫు చూడు."

గళ్ళలో పుట్టించిన వెంటనే ప్రోటాన్ కుదురుగా ఉండదు. కాసేపటికి కుదుటపడుతుంది. అప్పటినుంచి వచ్చే అంకెలనే లెక్కలోకి తీసుకోవాలి, అంతకుముందువి కలిస్తే జవాబు పక్కకు జరుగుతుంది. మరీ ఆలస్యం చేస్తే రొదలో అసలు సంగతి మునిగిపోతుంది. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో మనిషే నిర్ణయించాలి.

"నేను ఆలస్యంగా మొదలుపెట్టాను. దాంతో రొద పెరిగి, జవాబు అటూ ఇటూ తేడా ఉండే అవకాశం మరీ ఎక్కువైపోయింది. ఇంకాస్త ముందునుంచి తీసుకుంటే తగ్గుతుంది. కానీ అప్పటికి ప్రోటాన్ కుదుటపడిందంటావా? నువ్వైతే ఏం చేస్తావు?"

"ముందునుంచే తీసుకో" అంది పెద్దకోడలు. గొంతు తొణకలేదు. "అంత తేడా ఉండొచ్చని రాస్తే ఆ ఫలితాన్ని ఎవరు లక్ష్యపెడతారే? అక్కడికి బాగానే కుదుటపడింది, కనిపిస్తోందిగా."

"నువ్వన్నావంటే ఇంక చూసుకోనక్కర్లేదు" అని చిన్నకోడలు తేలికపడి లేచింది. ఆ పూట భోజనాల దగ్గర అత్తగారు చిన్నకోడలిని ఎంత పొగిడినా, పెద్దకోడలు మారు వడ్డించుకుని మరీ తింది.

ముసుగు తీసే రోజు అందరూ గోడమీది తెర ముందు చేరారు. వాళ్ళ పరిశోధనకు పెద్దాయన, పెద్దకోడలిని సంఖ్య అడిగి తనే భాగించాడు. జవాబు కొలిచిన విలువకు చాలా కిందికి పడింది. చిన్నకోడలి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

గడ్డం అని అందరూ పిలిచే సహోద్యోగి ఊరుకోలేక, "పోనీలెండి, లెక్కా ముసుగూ ఒకే ఇంట్లో ఉన్నాయి. ఇది సరిపోయుంటే, ఇంట్లో మాట్లాడేసుకున్నారని అనేవాళ్ళు" అన్నాడు నవ్వుతూ.

చిన్నకోడలు చివాలున తలెత్తింది.

"అక్కని అలా అనకండి. చివర్లో మొదలుపెట్టే చోటు మార్చాను. అక్కనడిగే మార్చాను. మార్చకముందు ఎంతొచ్చిందో భాగించి చూడండి."

పెద్దాయన భాగించాడు. పాత జవాబు అందంగా సరిపోయింది. "అయ్యయ్యో" అన్నారు అందరూ. కానీ కట్టుబాటు కట్టుబాటే, అచ్చుకు పోయేది కొత్త జవాబే.

"చూశారా? అక్క ముసుగు తీసి చూసుంటే నన్ను మార్చమంటుందా? సొంత చెల్లెల్ని ఎవరైనా చేతులారా ముంచుకుంటారా?"

"నిజమే, అంతకంటే రుజువేం కావాలి?" అన్నాడు పెద్దాయన. గది గదంతా పెద్దకోడలికి చప్పట్లు కొట్టింది. చూశానని చెప్పేద్దామా అనుకుంది ఆవిడ. చెబితే ముసుగు లేనట్టే, చిన్నకోడలి పనంతా చెత్తబుట్టలోకి పోతుంది. నోరు మూసుకోవడానికి ఆవిడకు ఇంత మర్యాదైన సాకు ఎప్పుడూ దొరకలేదు.

చప్పట్లు అయ్యాయో లేదో, అందరూ చిన్నకోడలి చుట్టూ మూగి ఓదార్చడం మొదలుపెట్టారు. ఓడినా దాని చుట్టూనేనా జనం, అని పెద్దకోడలికి మళ్ళీ మండింది. అంతలో చిన్నకోడలు వాళ్ళందరినీ తప్పించుకుని వచ్చి, ఆవిడ భుజం మీద తల ఆన్చి బావురుమంది.

"మళ్ళీ మొదటినుంచి చేస్తానక్కా. ఆ ముసుగు కూడా నీ దగ్గరే ఉండాలి. ఇంకెవర్నీ నమ్మలేను."

"అలాగేలే" అంది పెద్దకోడలు, వీపు నిమురుతూ.