తమ్ముడి వీపు మీద తువాలు

నేను ఒక టేకు కుర్చీని. నా గురించి చెప్పమంటే ముందుగా తమ్ముడి గురించే చెప్పవలసి వస్తుంది. అదే నా ఖర్మ.

నిర్మల్ అడవి నుంచి వచ్చిన ఒకే దుంగను కోసి వడ్ల బ్రహ్మయ్య మా ఇద్దరినీ చేశాడు. ముందు నన్నే చేశాడు. చేతులకు చిత్రిక పట్టి, వీపుకు తామరపువ్వు చెక్కి, "గిది పెద్దది" అని నెత్తి మీద తట్టాడు కూడా. కాలేజీ బండి మమ్మల్ని దించినప్పుడు జవాను మాత్రం పెద్దా చిన్నా చూడకుండా చేతికి దగ్గరగా ఉన్నవాణ్ణి ప్రిన్సిపాల్ గదికి మోసుకుపోయాడు. మిగిలిన నన్ను రాజనీతిశాస్త్రం గదిలో పడేశాడు.

తమ్ముడికి మెత్త వచ్చింది. నెత్తి మీద ఫ్యాను వచ్చింది. ఏడాది తిరక్కుండా వీపు మీదికి తెల్లటి తువాలు కూడా వచ్చింది. ఆ తువాలును ఉతికి ఆరేసేది సరిగ్గా మా గది కిటికీ ఎదురుగానే. దాన్ని చూసినప్పుడల్లా నాకు కడుపు మండిపోయేది. ఒకే దుంగ బిడ్డలం కదా, ఒక కంట్లో వెన్న, ఇంకో కంట్లో సున్నమా?

నా మీద ఎవరూ కూర్చునేవారు కాదు. మా లెక్చరర్ రాజలింగం సారు నన్ను పాఠానికి వాడుకునేవారు. ఏటా మొదటిరోజు నన్ను తరగతి నడుమ పెట్టి, పిల్లలను చుట్టూ నిలబెట్టి అడిగేవారు.

"ఈ కుర్సీల ఎవలు కూసోవాలె? ఎందుకు కూసోవాలె?"

పడమటి దేశాల రాజనీతి ఆలోచన అంతా ఆయన నా చుట్టూ తిరుగుతూనే చెప్పేవారు. ఆ మహానుభావుల పేర్లకు నాకు నోరు తిరగదు. గ్రీసులో ఒక పెద్దాయన, తెలివిడి ఉన్నవాడే కూర్చోవాలి, కూర్చోవాలని ఉబలాటపడేవాణ్ణి దగ్గరికి రానివ్వకూడదు అన్నాడట. ఆయన శిష్యుడే ఆయనను కాదని, ఏలడమూ ఏలించుకోవడమూ వంతులవారీగా నేర్చుకోండి అన్నాడట. ఆ తరువాత వందల ఏళ్ళు దేవుడు కూర్చోబెట్టినవాడిదే కుర్చీ. ఇటలీ మనిషొకడు ఎక్కడం గొప్ప కాదు, ఎక్కాక పడకుండా ఉండడమే విద్య అన్నాడు. ఇంగ్లండులో జనం ఒకరినొకరు చంపుకోవడం చూసి హడలిపోయిన ఒకాయనకు, ఎవడో ఒకడు గట్టిగా కూర్చుంటే చాలనిపించింది. అదే దేశంలో ఇంకొకాయన, కూర్చున్నవాడు మాట తప్పితే లేపేయవచ్చన్నాడు. గడియారాల పనివాడి కొడుకొకడు అది అందరి కుర్చీ అన్నాడు. చివరికి ఒక గడ్డపాయన వచ్చి, కుర్చీ సంగతి సరే, దాన్ని చేసినవాడు ఎక్కడ కూర్చుంటున్నాడని అడిగాడట. అది విన్నప్పుడల్లా నాకు కటిక నేల మీద కూర్చుని నన్ను చెక్కిన బ్రహ్మయ్య గుర్తొచ్చేవాడు.

వేల ఏళ్ళ వాదమంతా నా చుట్టూనే నడిచింది, నా మీద మాత్రం పురుగు కూడా వాలలేదు. తమ్ముడి గురించి ఒక్కడూ ఆలోచించిన పాపాన పోలేదు, అయినా వాడి కోసం మనుషులు కొట్టుకు చచ్చేవారు.

ఒక ఏడాది ప్రిన్సిపాల్ బదిలీ అయిపోతే, సీనియర్ అని రాజలింగం సారునే ఇన్‌చార్జి చేశారు. వెంట తీసుకుపోతారని ఎంతో ఆశపడ్డాను. ఆయన నా చేతి మీద ఒకసారి తట్టి వెళ్ళిపోయారు. వెళ్ళి వాడి మీద కూర్చున్నారు. నా మనిషి, వాడి మీద! పరాయివాళ్ళు కూర్చుంటే కడుపు మండింది కానీ ఇప్పుడు ఏడుపొచ్చింది.

మొదటిరోజే ఆయన పిల్లలను పిలిచి, "మిమ్ముల అడగకుండ ఏ ముచ్చటా తేల్చ" అని మాటిచ్చారు. రెండు నెలలు గడిచాయో లేదో, చేరేవాళ్ళు తగ్గారు కాబట్టి ఏదో ఒక విభాగం మూసేయమని పై నుంచి ఉత్తర్వు వచ్చింది. ఏది మూయాలో ప్రిన్సిపాలే చెప్పాలి. సొంత విభాగాన్ని కాపాడుకున్నాడని నలుగురూ అంటారేమోనన్న భయంతో, ఆయన ఎవరినీ అడక్కుండా మా విభాగం పేరే రాసి బోర్డుకు అంటించారు. మంచివాడు భయపడితే ఎంత పని చేస్తాడో చూడండి! నేను మాత్రం తప్పంతా తమ్ముడిదే అనుకున్నాను. వాడి సావాసం అలాంటిది.

ఆత్రం సోంబాయి అని ఉట్నూరు వైపు గూడెం నుంచి వచ్చి మా విభాగంలో చదివే పిల్ల ఉండేది. పదో తరగతి దాటిన ఆడపిల్ల వాళ్ళ గూడెంలో ఆమె ఒక్కతే. ఇక్కడ విభాగం మూస్తే ఇంకో ఊరికి పంపే స్తోమత ఇంట్లో లేదు, చదువు అక్కడితో సరి. ఆ కాగితం అంటించిన మధ్యాహ్నమే ఆమె, ఆమె స్నేహితులు నన్ను మోసుకుపోయి ప్రిన్సిపాల్ గుమ్మానికి ఎదురుగా వరండాలో దించారు. దించి, ఆమె నా మీద కూర్చుంది.

అబ్బా! మనిషి బరువు అంత తియ్యగా ఉంటుందని నాకేం తెలుసు? ఇన్నేళ్ళూ తమ్ముడు ఒక్కడే అనుభవించాడా దీన్ని?

సారు బయటికొచ్చారు. "లే సోంబాయి. గిదేంది? నలుగురు జూస్తె ఏమంటరు?"

"నలుగురు ఏమంటరో అని భయపడే గదా సార్, మమ్ముల అడగకుండ మూస్తున్నరు? మాట తప్పినోన్ని లేపొచ్చని మీరే జెప్పిండ్రు. మిమ్ముల లేపుడు మాతోని గాదు. అందుకే నేనీడ కూసున్న."

"కూసుండి ఏం జేస్తవ్?"

"అందర్ని అడుగుత."

సారు ఆమెను చూసిన చూపు నాకు బాగా తెలుసు. తువాలును నేను చూసే చూపే అది. జీవితమంతా చెప్పిన పాఠం తనకంటే ఆ పిల్లకే బాగా ఒంటబట్టిందని ఆయనకు కుళ్ళు పుట్టింది. ఆయన వెళ్ళి బోర్డు మీది కాగితం చింపేశారు.

"రేపు అందర్ని పిలుస్త. అందరి ముంగట్నే తేలుద్దాం. పైకి జవాబు నేనే జెప్పుకుంట" అన్నారు. ఈసారి ఆమెను లెమ్మనలేదు.

మర్నాడు సభ జరిగింది, విభాగం నిలిచింది. అదంతా తరువాతి మాట. సారు ఆ మాట అనగానే సోంబాయి తనంతట తానే లేచింది. తమ్ముడి మీది నుంచి బదిలీయో పదవీ విరమణో వచ్చి చెయ్యి పట్టుకుని లాగితే తప్ప లేచినవాణ్ణి నేను చూడలేదు. ఇక వాడే నన్ను చూసి కుళ్ళుకోవాలి. ఆ క్షణంలో నేను గర్వపడవలసింది.

గర్వం రాలేదు. ఆమె లేస్తుంటే నా చేతి మీద పైకి తేలిన మేకు ఆమె చున్నీ కొంగును పట్టుకుంది. మేకు కాదు, నేనే పట్టుకున్నాను. ఇంకాసేపు కూర్చుంటే ఏం పోయిందని నా బాధ. ఆమె వంగి, కొంగు చిరగకుండా మెల్లగా విడిపించుకుని పోయింది.