ఒంటి మీద గాలి

పని దిగే వేళ మా వదిన జాకెట్టు మీద గాలి గన్ను పెడితే, ఇత్తడి రజనుతో పాటు ఆమె మెడ మీది పుట్టుమచ్చ కూడా ఎగిరిపోతుంది.

నేను కాసేపు నేల మీద వెతుకుతాను. రజను కుప్పలో నల్లటివి చాలా ఉన్నాయి గాని ఏదీ పుట్టుమచ్చ కాదు. వదిన మెడ తడుముకుని, "పోనియ్. అది పోతే జర అల్కగ ఉన్నది," అంటుంది. పుట్టుమచ్చకు ఏం బరువుంటుందని అడగబోయి ఊరుకుంటాను. ఆమె బరువుల సంగతి నాకు తెలుసు.

బాలానగర్‌లో మాది ఇత్తడి నల్లాలు చేసే చిన్న కార్ఖానా. లేత్ మీద కోసిన ముక్కల రంధ్రాల్లో రజను ఇరుక్కుంటుంది. దాన్ని గాలి గన్నుతో ఊది శుభ్రం చేయడం మా ఇద్దరి పని. మీట నొక్కితే కంప్రెషర్ టాంకీలో బిగబట్టి ఉన్న గాలి సన్నటి మూతిలోంచి దూకుతుంది. పని అయ్యాక అందరం ఎదురెదురుగా నిలబడి, అదే గన్నుతో ఒకరి బట్టలు ఒకరం దులుపుకుంటాం. దుమ్ము ఇంటికి మోసుకుపోకూడదని ఇక్కడి ఆచారం. "ఒంటి మీద గాలి కొట్టరాదు" అని గోడ మీద బోర్డు రాయించారు గాని, మేం దులుపుకునేది సరిగ్గా దాని ఎదుటే. గాలి తగిలీ తగిలీ చివరి మాట రాలిపోయింది. ఇప్పుడు "ఒంటి మీద గాలి" అని మాత్రం మిగిలింది. దాన్ని మేం అనుమతి కింద తీసుకున్నాం.

వదిన పేరు బాలమణి, మా అన్న కనకయ్య పెళ్ళాం. నేను మొగుణ్ణి కాదనుకుని వస్తే ఇంట్లో చోటిచ్చిందీ ఆమే, రోజూ తిట్టిందీ ఆమే. పోయిన ఏడు అన్న ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో మేమిద్దరమే. నాకు ఈ లోకంలో మిగిలిన చుట్టరికం ఒక్కటే, అది ఆమె నోట్లో ఉంది. కూరలో ఉప్పెక్కువైందని నేనంటే చాలు, "ఆడిబిడ్డ అర్ధమొగుడంటరు, నువ్వు పూర్తి మొగుడివైతివి గదనే నాకు," అంటుంది. ఆ మాట పడితేగాని నాకు తిన్నది అరగదు.

మర్నాడు ఆమె నుదుటి ముడతలు ఎగిరిపోతాయి. అవి అన్న పోయిననాడు పడ్డవి. సన్నటి దారాల్లా గాల్లో మెలికలు తిరిగి, కంప్రెషర్ ఉన్న మూలకు పోతాయి. నాకు భయమేసి గన్ను దించుతాను.

"ఆపకు," అంటుంది వదిన కళ్ళు మూసుకునే. "ఇంకింత పెంచు."

నేను పెంచుతాను. గాలి పెరిగే కొద్దీ ఆమె ముఖంలో నవ్వు వస్తుంది. ఆ నవ్వు చూసి ఏడాదైంది. దాని కోసం టాంకీలో గాలి ఒత్తిడి చూపే మీటరు ముల్లు ఎర్రగీత దాటినా నా చెయ్యి వెనకాడదు.

తర్వాత ఆమె అడుగుల చప్పుడు పోతుంది. ఆ తర్వాత ఒక సాయంత్రం చెవి చూపిస్తుంది.

"గీ చెవెనక కొట్టు. రాత్రంత ఆయన దగ్గు గాడ్నే వినబడ్తది."

చెవి వెనక కొడతాను. దగ్గు బయటికి వచ్చి, తెలియని ఊళ్ళో దిగినవాడిలా చుట్టూ చూసుకుని, కంప్రెషర్ గాలి పీల్చుకునే జాలీలోకి దూరుతుంది. ఆ రోజు వదిన ఇల్లు చేరగానే ఒళ్ళెరగకుండా నిద్రపోతుంది. పొద్దున కంప్రెషర్ ఆన్ చేస్తే అది దగ్గుతూ మొదలవుతుంది. సూపర్‌వైజర్ విఠల్ బెల్టు మార్పిస్తాడు. కొత్త బెల్టుతోనూ దగ్గుతుంది.

తిట్లు కూడా ఎప్పుడో ఎగిరిపోయాయి. ఒక్క తిట్టయినా పడుతుందేమోనని ఇప్పుడు నేను కూరలో కావాలనే రెండుసార్లు ఉప్పు వేస్తాను. వదిన చప్పుడు లేకుండా తిని, పళ్ళెం కడిగి, నా వైపు తిరుగుతుంది.

"కూర మంచిగున్నది. మీరు ఈడ్నే ఉంటరా?"

మా వదిన నన్ను మీరు అంటోంది. "ఈడ్నే ఉంట వదినె," అంటాను.

"మంచిగున్నది మీ ఇల్లు. నేను పోయొస్త మరి."

"యాడికి?"

"గాలి యాడికి పోతే గాడికి."

ఆమె చెప్పులు వేసుకుంటుంది గాని, చెప్పులకూ నేలకూ మధ్య ఒక వేలు దూరేంత సందుంది. నేను ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, ఆమె కొంగును నా కొంగుకు ముడేస్తాను. పెళ్ళిలో అన్న కండువాకు ఈ కొంగును ముడేసింది కూడా నేనే, ఆడబిడ్డను కదా. అప్పుడు వదులుగా వేశానని తిట్టింది. ఇప్పుడు గట్టిగా వేస్తాను.

తెల్లారి పనికి పోకుండా, మంచి గన్ను కొందామని రాణిగంజ్ పనిముట్ల బజారుకు పోతాను. తప్పంతా గన్నుదే అయ్యుండాలని నా ఆశ. వదిన ముడికి వేలాడుతూ నా వెనకే వస్తుంది.

దుకాణం నేను నడిచిన కొద్దీ పొడుగవుతుంది. గోడలకు వేలాడే గన్నులు మేం దాటుతుంటే మూతులు తిప్పి చూస్తాయి. కొసన సేటు ఉక్కపోతలో కూర్చుని ఉన్నాడు. గాలి అమ్మేవాడు గాలి వేసుకోకూడదని అతని నియమం. వదినను చూసి, ఏమీ అడక్కుండా ఆమె కొంగు మీద తూకం రాయి పెడతాడు.

"ఏది ఎగరాలెనో అందరు చెప్తరు," అంటాడు. "ఏది ఉండాలెనో నువ్వు చెప్పు."

"ఆమె నన్ను తిట్టేది ఉండాలె."

సేటు తలూపి ఒక గన్ను తీస్తాడు. మా కార్ఖానాలో ఉన్నటువంటిదే, మూతికి ఒక్కటే రంధ్రం. "దీన్ని తోలుకు ఆనిస్తే గాలి లోపలికి పోయి ఇల్లు కట్టుకుంటది. మల్ల ఖాళీ చెయ్యదు. వద్దు." ఇంకొకటి తీస్తాడు. దాని మూతికి పక్కల కూడా చిల్లులున్నాయి. మూతి అరచేతికి ఆనించి మీట నొక్కుతాడు. గాలి అతని చేతిని ఏమీ అనకుండా పక్కలకు తప్పుకుంటుంది. "మర్యాద తెలిసిన గన్ను. మూతి ముందల గీ గుండ్రటి పలక పెట్టుకుంటే రజను ఎగిరొచ్చి కంట్ల పడదు. గాలి తక్కువ పెట్టు. కండ్లద్దాలు పెట్టుకో."

"దీంతోని మా వదినెను దులపొచ్చా?"

సేటు ముఖం మాడిపోతుంది. "గివన్ని సామానుకు. మనిషిని దులిపే గన్ను నా దగ్గర లేదు. ఎవ్వని దగ్గర లేదు."

"మరి మనిషిని దేంతోని దులపాలె?"

"చేత్తోని," అంటాడు. ఇంత చిన్న సంగతి కోసం ఇంత పొడుగు దుకాణం నడిచావా అన్నట్టు చూస్తాడు.

"మరి ఆమె ఒంటి మీదికెల్లి ఎగిరిపోయినయ్ యాడ?"

"యాడికి పోతయ్? కంప్రెషర్ మీ షెడ్డుల గాలే గుంజుతది. టాంకీ అడుగున నీళ్ళు దిగుతయ్, ఆడ చిన్న నల్లా ఉంటది. రోజు విప్పాలె. ఎవ్వరు విప్పరు."

మేం కార్ఖానా చేరేసరికి అందరూ అన్నాలకు పోయారు. నేను కంప్రెషర్ ఆపి, కళ్ళద్దాలు పెట్టుకుని, మీటరు ముల్లు దాదాపు కిందికి వచ్చేదాకా గాలి వదులుతాను. తర్వాత టిఫిన్ డబ్బా పట్టి, టాంకీ అడుగున నల్లా సన్నగా విప్పుతాను. తుప్పు నీళ్ళు వస్తాయి. నీళ్ళతో ఆవగింజంత పుట్టుమచ్చ వస్తుంది. నుదుటి ముడతలు వస్తాయి. అడుగుల చప్పుడు డబ్బాలో టకటకమని పడుతుంది. మిరపగింజల్లా ఎర్రగా తిట్లు. చివరికి, నల్లాకు అడ్డం పడి కాసేపు రానని మొరాయించి, అన్న దగ్గు.

వదినను స్టూలు మీద కూర్చోబెట్టి డబ్బా ముందు పెడతాను. అన్నీ నేనే ఆమె ఒంటికి అతికించేయాలని నా చేతులు తహతహలాడుతున్నాయి. వాటిని కొంగులో చుట్టుకుంటాను.

ఆమె ఒక మిరపగింజ తీసి నాలుక మీద వేసుకుంటుంది. "డబ్బా అట్లనా పెట్టేది? ఒలుకుతది," అంటుంది వెంటనే.

నాకు ప్రాణం లేచొస్తుంది. ఇది చాలు, మిగతావి మోరీలో పోసి ఇంటికి తీసుకుపోదామని కూడా అనుకుంటాను. నిద్రపోతుంది, తిడుతుంది, ఇంకేం కావాలి. కాని ఆమె నా ముఖంలోకి చూస్తుంది.

"నిన్నెందుకు తిడ్తున్న నేను? నాకేమైతవ్ నువ్వు?"

చెప్పడానికి నోరు తెరుస్తాను. ఆమె నా వదిన అని చెప్పాలంటే అన్న పేరెత్తాలి. ఎత్తితే అతను పోయాడనీ చెప్పాలి. మా ఇద్దరి మధ్య దారి అతని మీదుగానే ఉంది, వేరే దారి లేదు.

"అది ఆ దగ్గుల ఉన్నది," అంటాను. "పెట్టుకుంటే మల్ల నిద్ర రాదు వదినె. వద్దంటే పారబోస్త. నీ ఇష్టం."

ఆమె డబ్బాలోకి వంగి చూస్తుంది. దగ్గు నీళ్ళలో చిన్నగా కదులుతోంది. తడి కుక్కపిల్లను ఎత్తుకున్నట్టు దాన్ని రెండు చేతులతో తీసి, చెవి వెనక పెట్టుకుంటుంది.

స్టూలు కాళ్ళు సిమెంటు నేలలోకి దిగిపోతాయి. వదిన మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. ఒక్కొక్కటే ముడతలు తీసి నుదుటి మీద దిద్దుకుంటుంది. అడుగుల చప్పుడు మడమలకు కట్టుకుంటుంది.

"కళా," అంటుంది. నా పేరు కళావతి. అప్పుడు ఏడుస్తుంది, ఏడాదిది మొత్తం. నేల ఇంకా దిగుతుంది.

"ఇంత బరువు నేనొక్కదాన్నే మొయ్యాల్నా?" అంటుంది కొంగుతో ముక్కు తుడుచుకుని. "అర్ధమొగుడివి గదనే. నీ సగం నువ్వు తీస్కో."

చెవి వెనక నుంచి దగ్గును లాగి, అప్పడంలా రెండుగా విరుస్తుంది. ఒక సగాన్ని పుట్టుమచ్చలో కుక్కి, పుట్టుమచ్చను నా మెడ మీద బొటనవేలితో అదుముతుంది. నా మెడ వంగిపోతుంది. ఏడాదిగా నేను ఆమె దుఃఖానికే కాపలా కాశాను. నాకూ అన్న పోయాడని ఎవరూ అనలేదు, నేనూ అనుకోలేదు. ఇప్పుడు గోడ పట్టుకుని ఏడుస్తాను. వదిన తిట్టదు, ఆగుతుంది.

సాయంత్రం అందరూ గన్నులు పట్టుకుని ఎదురెదురుగా నిలబడతారు. కొందరి ముఖాల్లో ముక్కు, నోరు తప్ప ఏమీ మిగల్లేదు. నల్లా సంగతి చెబుతాను. ఇద్దరు ముగ్గురు డబ్బాలు తెచ్చుకోవడానికి పోతారు. మేమిద్దరం ఒకరినొకరం చేత్తో దులుపుకుంటాం. చాలాసేపు పడుతుంది. రజను అరచేతుల్లో గుచ్చుకుని చేతులు బంగారంలా మెరుస్తాయి.

బస్సులో ఆధార్ కార్డులు చూపిస్తే కండక్టరమ్మ రెండు జీరో టికెట్లు ఇచ్చి, అక్కడే నిలబడుతుంది.

"ఆడోళ్ళకు ఫ్రీ. మీతోని ఉన్న మొగాయనకు తీస్కోవాలె."

వదినా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోం. నేను డబ్బులిచ్చి టికెట్టు తీసుకుంటాను. బస్సు మా బరువుకు రోడ్డులోకి దిగుతూ పోతుంది. కిటికీ ఎత్తుకు తారు వస్తుంది, బయట చెప్పులు మాత్రమే నడుస్తున్నాయి. మా స్టాపు ఇంకా కింద.

కిటికీలోంచి గాలి వస్తుంటే వదిన నా మెడకు అరచెయ్యి అడ్డం పెడుతుంది. అరచేతి కింద పుట్టుమచ్చ రెండుసార్లు దగ్గి, టికెట్టు ఎవరి దగ్గరుందని అన్న గొంతుతో అడుగుతుంది. "నా దగ్గర్నే ఉన్నది, పండుకో," అని వదిన నా చేతిలోని టికెట్టు తీసుకుని, చిన్నగా మడిచి, పుట్టుమచ్చ అంచు ఎత్తి దాని కింద దోపుతుంది.