చీకట్లో చచ్చిన కణాలు

చీకట్లో పెట్టిన కణాలు ఈసారి కూడా చచ్చిపోయాయి.

ఆ ల్యాబ్‌కి అధిపతి వదిన. ఆమె భర్త చెల్లెలు చిట్టి అక్కడే పరిశోధన చేస్తోంది. మొక్కల్లో వెలుగును పసిగట్టే ఒక ప్రోటీన్‌ని కేన్సర్ కణాల్లో అమర్చారు. నీలి వెలుగు కాసేపు పడితే చాలు, ఆ ప్రోటీన్ మేలుకొని కణం తనను తాను చంపుకునేలా చేస్తుంది. చీకట్లో ఉంచితే కణం నిక్షేపంగా బతుకుతుంది. ఎర్ర వెలుగు దానికి చీకటితో సమానం కాబట్టి ఆ గదిలో ఎర్ర దీపం తప్ప మరొకటి వెలగదు. అలాంటిది, వెలుగు చూపించిన కణాల డిష్‌లతో పాటు చూపించని డిష్‌లూ పాడైపోతున్నాయి.

వదినకి అనుమానం చిట్టి మీదే. సొంత ప్రాజెక్టు కావాలని ఆ పిల్ల అడిగితే, అప్పుడే తొందరేమిటని తోసిపుచ్చింది. అప్పట్నుంచి చిట్టి ముభావంగానే ఉంటోంది.

"మీ చెల్లెలు నా మీద కక్ష కట్టినట్టుంది," అంది భర్తతో.

"దానికంత ఓపికెక్కడిది? ఫోన్ ఎక్కడ పెట్టిందో వెతుక్కోవడానికే దాని రోజంతా సరిపోతుంది," అని నవ్వేశాడు.

ఆమెకి నవ్వు రాలేదు. ప్రోటీన్ లేని మామూలు కణాల డిష్‌లు కొన్నిటిని చిట్టికి చెప్పకుండా ఆ ట్రేలోనే కలిపేసింది. చిట్టి మందేదైనా కలుపుతుంటే అవీ చావాలి. అవి చావలేదు. ప్రోటీన్ ఉన్నవే పోయాయి. అంటే ఎవరో వెలుగు చూపిస్తున్నారు. ఆ గదిలోకి చిట్టి కాక ఇంకెవరు వెళ్తారు?

మర్నాడు పొద్దున్నే ఆమె కణాల్ని పెంచే వెచ్చటి పెట్టె తెరిచింది. వెనక వరసలో కొన్ని డిష్‌లు కనిపించాయి. అల్యూమినియం రేకు చుట్టి, అంచులకి టేపు అంటించి ఉన్నాయి. దొరికిపోయిందనుకుంది.

"ఏమిటివి?" చిట్టి రాగానే నిలదీసింది. "నాకు తెలియకుండా ఏం దాస్తున్నావ్?"

చిట్టి తలుపు మూసి, ఎర్ర దీపం కింద ఒక రేకు విప్పింది. లోపల కణాలు దట్టంగా, ఆరోగ్యంగా ఉన్నాయి.

"రేకు చుట్టినవన్నీ బతికే ఉన్నాయి వదినా. చుట్టనివే పోతున్నాయి. నేను రాకముందు ఎవరో వీటిని తీసి చూస్తున్నారు. నువ్వేనా?"

వదిన మైక్రోస్కోపు వైపు వేలు చూపింది.

"చూస్తాను. నీ పని సరిగ్గా ఉందో లేదోనని రోజూ చూస్తాను. కానీ మైక్రోస్కోపు దీపానికి ఎర్ర అద్దం ఉందిగా, దానివల్ల ఏమవుతుంది?"

చిట్టి మైక్రోస్కోపు దీపం వేసింది. బల్ల మీద తెల్లటి వెలుగు పడింది. తెలుపులో నీలం కూడా ఉంటుందని ఇద్దరిలో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. తుడవడానికని మెకానిక్ విప్పిన ఎర్ర అద్దం సొరుగులో గుడ్డ చుట్టి ఉంది. రోజూ కటకంలోంచి కణాలనే చూస్తున్న వదిన తేడా కనిపెట్టలేదు. ఆమెకి కావలసింది మరదలి తప్పు, అందుకే దీపం సంగతే పట్టలేదు.

"నన్ను అనుమానించావా?" అడిగింది చిట్టి.

"నువ్వూ నన్ను అనుమానించావుగా!"

"అవును. రేకు చుట్టింది అందుకే."

అద్దం బిగించాక ప్రయోగం కుదిరింది. చీకట్లోవి బతికాయి, వెలుగు చూసినవి పోయాయి. సొంత ప్రాజెక్టు ఇస్తానని వదిన తనంతట తానే చెప్పింది. చిట్టి వద్దంది.

"పై అంతస్తులో వేరే ల్యాబ్‌లో చోటు ఇస్తామన్నారు. ఇక్కడే ఉంటే పొద్దున్నే నా డిష్‌లు ఎవరు తీశారోనని చూసుకుంటూ ఉండాలి. నా వల్ల కాదు వదినా."

సామాను మోయడానికి వదిన కూడా మెట్లెక్కింది. కొత్త గది చిన్నదే గానీ శుభ్రంగా ఉంది. చిట్టి అట్టపెట్టెలు దించి తలుపు మూసింది. వదిన నోరు ఊరుకోలేదు.

"దీనికి తాళంచెవి ఒకటేనా?"

చిట్టి ఆమె వైపు తేరిపార చూసింది.

"రెండున్నాయి. రెండూ నా దగ్గరే ఉంటాయి."