ప్లగ్గు పీకిన రోజు

సుష్మిత ఆదోనికి కోడలిగా వచ్చిన ఏడాదికే అత్తింటివారి పత్తి జిన్నింగు మిల్లులోని కంప్యూటర్లు ఆమె చేతికొచ్చాయి. మామ గోపాలయ్య ముచ్చటపడి అప్పగించిన పని అది. మిల్లుకున్న ఎమ్మిగనూరు కొనుగోలు కేంద్రంలో జరిగే తూకాలు కూడా ఆదోని ఆఫీసులోని పాత సర్వర్లోకే చేరేవి. పోయిన సీజన్లో అది మొరాయించి, ఎమ్మిగనూరు గేటు ముందు పత్తి బండ్లు పొద్దుగూకేదాకా నిలబడిపోయాయి.

అప్పట్నుంచీ సుష్మితది ఒకటే ఆలోచన. రెండు కొత్త సర్వర్లు కొని, వాటిలో వర్చువల్ మిషన్లు పెట్టి డేటాబేసును అందులోకి మార్చాలా, వద్దా? మారిస్తే ఒకటి ఆగినా రెండోది అందుకుంటుంది. కానీ ఒకే పెట్టెలో ఇన్ని పనులు దూరిస్తే డేటాబేసు నెమ్మదిస్తుందేమో.

"అంటే నిజంగా లేని మిషనా అమ్మా?" అని అడిగాడు గోపాలయ్య, వర్చువల్ మిషన్ల సంగతి ఆమె చెప్పగానే.

"ఉండాది మామా. ఒక ఇంటికి అడ్డగోడలు కట్టి మూడు వాటాలు చేస్తారు చూడు, అట్ల."

"వాటాలోళ్లు నీళ్ల కాడ కొట్లాడతారు కదమ్మా."

తన భయమూ అదేనని నవ్వింది సుష్మిత.

ఎండాకాలం మిల్లు ఆగినప్పుడు కొత్త సర్వర్లు తెప్పించి, డేటాబేసు నకలు వాటిలో పెట్టింది. ఎమ్మిగనూరు కేంద్రం చూసుకునే గోపాలయ్య తమ్ముడి కొడుకు శశికాంత్, పాత తూకాలనే మళ్లీ కొట్టి చూశాడు. తూకం చీటీలు ఆలస్యంగా వచ్చాయి. అవే సర్వర్లలో పెట్టిన మిల్లు కెమెరాల రికార్డింగూ డేటాబేసూ ఒకే డిస్కుల కోసం తోసుకుంటున్నాయని తేలింది. డేటాబేసుకు వేరే డిస్కులు కేటాయించాక చీటీలు పాత సర్వర్ కంటే చురుగ్గా రాసాగాయి.

అయినా ఆమెకు ధైర్యం చాలలేదు. తన మాట మీద మార్చాక సీజన్లో ఆగిపోతే ఎట్లా అని మామ దగ్గర దిగులుపడింది.

"ఆగితే బండ్లోళ్లకు అన్నం వండిచ్చి పెడదాం. నువ్వేమన్నా కావాలని ఆపుతావా? పా, ఇప్పుడే ఆపి చూద్దాం" అన్నాడాయన.

శశికాంత్‌ను తూకాలు కొడుతూ ఉండమని ఫోన్లో పురమాయించి ఇద్దరూ సర్వర్ గదిలోకి వెళ్లారు. డేటాబేసు నడుస్తున్న పెట్టెను చూపించింది గానీ సుష్మితకు చెయ్యి రాలేదు. గోపాలయ్యే వంగి ప్లగ్గు పీకేశాడు.

"నిలిచిపోయినాది పెద్దనాయనా" అన్నాడు శశికాంత్.

సుష్మిత ముఖం పాలిపోయింది. గోపాలయ్య కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టి, పక్కనే నిలబడ్డాడు. కొన్ని నిమిషాలకు ఫోన్లో శశికాంత్ గొంతు తేటపడింది. "వచ్చినాది వదినా. నేను కడాకు కొట్టిన తూకం గూడా ఉండాది."

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గోపాలయ్య చూడనట్టు అటు తిరిగి, టీ తెమ్మని కేకేశాడు. శ్రావణంలో అసలు డేటాబేసును కొత్త సర్వర్లలోకి మార్చేశారు.

కార్తీకంలో బండ్లు బారులు తీరాయి. ఒక పొద్దున సుష్మిత అత్త అమృతవల్లి పక్కన కూర్చుని ఉగ్గాని తింటుంటే, ఒక సర్వర్ నిజంగానే ఆగిపోయిందని ఫోనుకు మెసేజీ వచ్చింది. ఆమె కంగారుగా శశికాంత్‌కు ఫోన్ చేసింది.

"రోంతసేపు చీటీలు రాలేదు, మళ్లా వస్తాండాయి. ఏమైంది వదినా?" అన్నాడతను.

"ఏం కాలేదు లేప్పా" అని ఫోన్ పెట్టేసి, ఇంకొంచెం ఉగ్గాని పెట్టమని అత్తకు ప్లేటు చాపింది.