వంకర కన్ను

ఆ వారమంతా సూదులమ్మకు ఒళ్లు మండిపోతూనే ఉంది. ఆమెకు వేరే పేరున్నా మ్యూజియంలో అందరూ అలాగే పిలుస్తారు. రాతిలో ఇరుక్కున్న ఎముకల్ని సూదులతో గీకి బయటికి తీయడం ముప్పై ఏళ్లుగా ఆమె పని. ఏడు నెలలు భూతద్దం కింద మెడ వంచుకుని, గోదాములో మూలపడ్డ ఆఖరి పలకలోంచి అరచేతి వెడల్పు చేపను తీసింది. దాని మీద వచ్చిన జవాబు మాత్రం మూడే మూడు వాక్యాలు.

జవాబు సంగతి చెప్పాలంటే ముందు చేప సంగతి చెప్పాలి. సముద్రం అడుగున పక్కకు ఒరిగి పడుకునే బల్లపరుపు చేపలకు రెండు కళ్లూ ఒకే వైపు ఉంటాయి. పిల్లగా ఉన్నప్పుడు అన్ని చేపల్లాగే చెరోవైపు ఉంటాయి. పెరిగేకొద్దీ ఒక కన్ను నెత్తి మీదుగా అవతలికి జరుగుతుంది. మరి వీటి పూర్వీకుల్లో ఆ కన్ను ఒక్కసారే గెంతిందా, తరతరాలుగా కొంచెం కొంచెం జరిగిందా? సగందాకా వెళ్లి ఆగిన కన్ను ఎందుకూ కొరగాదని, కాబట్టి ఒక్కసారే గెంతి ఉండాలని వాదించినవాళ్లు చాలామంది. సూదులమ్మ తీసిన చేపకు సరిగ్గా అలాగే, బురదలోకి ఒరిగిన వైపు కన్ను నెత్తి అంచుదాకా ఎక్కి ఆగిపోయింది. అది పిల్ల కాదు, బాగా ఎదిగిన చేప.

మ్యూజియం పరిశోధకురాలు దాని మీద వ్యాసం రాసి పంపితే పత్రికవాళ్లు ఇలా తిప్పికొట్టారు: "ఒక్క చేపను చూసి నమ్మలేం. రాతి బరువుకు పుర్రె నలిగి ఉండొచ్చు. రెండోది చూపించండి."

"రెండోదట! సంతలో వంకాయ పుచ్చిందని ఇంకోటి అడిగినట్టు!" అంది సూదులమ్మ.

"ఆ గని మూతపడి ఇరవై ఏళ్లు, అక్కా. నిండా నీళ్లు," అంది పరిశోధకురాలు ఏడుపు గొంతుతో. "హాల్లో అదే గనివి పదకొండున్నాయి కానీ, వాటి కళ్లు శుభ్రంగా వాటి చోటే ఉన్నాయి. ఇక మూడేళ్ల పని గంగలో కలిసినట్టే."

గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే మ్యూజియం పెద్దసారు తలుపు తోసుకుని వచ్చాడు. "పోనీలేమ్మా, హాల్లో పన్నెండోదిగా పెట్టేద్దాం. మిగతావాటి పక్కన ఎబ్బెట్టుగా ఉంటుంది, ఆ కన్నొకటి కాస్త సరిచెయ్యి," అన్నాడు.

సూదులమ్మ చేప మీద గుడ్డ కప్పి పక్కన పెట్టింది. కానీ 'సరిచెయ్యి' అన్నది మాత్రం చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. సాయంత్రం హాలు మూశాక చేపల మీది అద్దం తీసి, మొదటి చేప కంటి మీద రంగు కరిగించే అసిటోన్‌తో తడిపిన దూదితో రుద్దింది. దూది గోధుమరంగుకు తిరిగింది. రంగు కింద ప్లాస్టరు కనిపించింది. మర్నాటికి పదకొండూ చూసింది. పదకొండింటికీ అదే ప్లాస్టరు, దాని కింద అద్దంలా నున్నగా అరగదీసిన ఎముక.

వాటిని రాతిలోంచి చెక్కింది ఆమె మేనమామ. పని నేర్పిందీ ఆయనే. ఎనభై ఏళ్లొచ్చి, రెండు వీధుల అవతల కిటికీ పక్కన కూర్చుని ఉంటాడు. తువ్వాలులో హాల్లోని చేప పలక ఒకటి చుట్టుకుని వెళ్లి, ఇచ్చిన మంచినీళ్లు కూడా ముట్టకుండా ఆయన ఒళ్లో పెట్టింది.

"ఏం చేశావు మామయ్యా ఇది?"

ఆయన వేలితో కంటి చుట్టూ తడిమాడు. "కన్ను నెత్తికెక్కి ఉండేది. రాయి నొక్కితే వంకరపోయిందనుకున్నా. చూసేవాళ్లు నవ్వరూ? పైన పూడ్చి, కింద గుండ్రంగా కన్నం తీశాను."

"పూడిస్తే పూడ్చావు, ఎముకనెందుకు అరగదీశావు? ప్లాస్టరైతే కరిగించి తీసేదాన్ని. పోయిన ఎముకను ఎక్కణ్ణుంచి తేను?"

"అతుకు కనపడకూడదంటే అరగదీయాలి కదే. పనితనమంటే అదే."

"బురదవైపు ఎముక చెడదని అన్నీ ఆ వైపు నుంచే చెక్కావు. పదకొండింటికీ ఒకటే వంకర! రాయి పదకొండుసార్లు ఒకేలా నొక్కుతుందా? ఒక్కసారైనా అనుమానం రాలేదా నీకు?"

ఆయన పలకను ఒళ్లోంచి తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు.

"నాకు రాలేదు. నీకొచ్చింది," అన్నాడు.

"నాకా?"

"పనిలో చేరిన కొత్తలో, ఆఖరి రెండూ నీకే ఇచ్చాను. 'అన్నిటికీ కన్ను పైనే ఉంటోందేంటి మామయ్యా' అని అడిగావు. పెద్దవాళ్లు చేసినట్టు చెయ్యి, నోర్మూసుకో అన్నాను. మూసుకున్నావు."

సూదులమ్మ గుర్తు తెచ్చుకోబోయింది. ఆ ఏడాది నున్నగా చేసిన అంచులకు లెక్కే లేదు. ఎముకను అరగదీసిన ఆకురాయి గుర్తుంది, వేళ్లు పొక్కడం గుర్తుంది, 'మామను మించిపోతావే' అని ఎవరో మెచ్చుకోవడం గుర్తుంది. ఎంత తవ్వినా ఆ ప్రశ్న మాత్రం గుర్తు రాలేదు. ఆయన మీద అరవడానికి తెచ్చుకున్న మాటలు ఇంకా సగం మిగిలే ఉన్నాయి, వాటిని ఎక్కడ పెట్టాలో ఆమెకు తోచలేదు.

సంచిలో ఫోన్ మోగింది. పరిశోధకురాలు.

"అక్కా, హాల్లో ఏదో దొరికిందన్నారు? రెండోదేనా?"

"పదకొండున్నాయి."

అవతల సంతోషం పట్టలేక కేక వినిపించింది. ఆ కేక ఆగేదాకా సూదులమ్మ ఆగింది.

"పూర్తిగా విను తల్లీ. పదకొండింటికీ ఎముక అరగదీసి కళ్లు మేమే సరిచేశాం. అందులో రెండు నేను."