లింగం సర్దిన సంచి

మే పద్నాలుగో తారీఖున లింగం సంచి పోయింది. ఆస్ట్రేలియాలో, నరూమా అనే ఊరికి అవతల, సముద్రపు ఒడ్డున ఒక చెక్క బల్ల మీద దేవేందర్ దాన్ని మరిచిపోయి వచ్చాడు.

దేవేందర్, యాకూబు, భీమేష్ ముగ్గురూ ఎల్లారెడ్డి ఊరి దగ్గర ఒకే బడిలో ఉపాధ్యాయులు. నాలుగో స్నేహితుడు లింగం అదే బడిలో సోషల్ చెప్పేవాడు. వ్యాను అద్దెకు తీసుకుని, వీపుకు సంచులు తగిలించుకుని, సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ దాకా తీరం వెంబడి పోవాలన్నది అతని ఆలోచనే. విదేశాలకు వెళ్ళేందుకు విద్యాశాఖ అనుమతి నలుగురికీ వచ్చింది. ఆ కాగితం అందిన వారానికి, ఫిబ్రవరిలో, లింగం గుండెపోటుతో చనిపోయాడు.

మిగిలినవాళ్ళు ప్రయాణం మానుకుందామనుకున్నారు. లింగం భార్య మరియ ఒప్పుకోలేదు.

"మూడు నెలల ముందుగాలనే సంచి సదురుకున్నడు. దాన్ని తీస్కపోండ్రి. ఆయన చూస్తనన్న తొవ్వంత తిప్పుండ్రి. మళ్ళ తెచ్చి నా చేతుల పెట్టుండ్రి" అంది.

దేవేందర్ సరేనన్నాడు.

వ్యానులో ఆ సంచికి ఒక సీటు ఇచ్చారు. దిగినచోటల్లా రోజుకొకరు వంతు వేసుకుని మోశారు. ఎవరూ విప్పి చూడలేదు.

"బడిల హాజరు రిజిష్టరు గూడ పిల్లలతోనే మోయించెటోడు. ఇప్పుడు మనతోని మోయిస్తుండు సూడుండ్రి" అని యాకూబు అంటే ముగ్గురూ నవ్వారు.

పిల్లలను విహారయాత్రకు తీసుకెళ్ళినప్పుడు బస్సు కదిలేముందు తలలు లెక్కపెట్టడం దేవేందర్ అలవాటు. ఇక్కడ సంచులు లెక్కపెట్టేవాడు. నాలుగు ఉంటే వ్యాను కదలొచ్చు. మే పద్నాలుగున ఉదయం వానకు వంట సామాను పెట్టిన అట్టపెట్టె తడిసిపోయింది. యాకూబు ఆ గిన్నెలూ బియ్యమూ ఒక కొత్త సంచిలోకి మార్చాడు. మధ్యాహ్నం ఆ బల్ల దగ్గర నుంచి బయలుదేరేటప్పుడు దేవేందర్ లెక్కపెట్టాడు. నాలుగు వచ్చాయి. పోనిమ్మన్నాడు. ఆ రోజు లింగం సంచి మోసే వంతు అతనిదే.

నూట యాభై కిలోమీటర్లు పోయాక, సాయంత్రం గుడారం వేస్తుంటే తెలిసింది, నాలుగోదిగా లెక్కకు వచ్చింది వంట సంచి అని. పొద్దున్నే వెనక్కి వెళ్ళారు. బల్ల ఖాళీగా ఉంది. ఆ ఊరి సమాచార కేంద్రంలో పేరూ ఈమెయిలూ రాసిచ్చి, మెల్‌బోర్న్ వెళ్ళి విమానం ఎక్కారు.

కామారెడ్డిలో ఇల్లు చేరాక దేవేందర్ మరియను చూడటానికి పోలేదు. ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది. బడులు తెరుస్తున్నారు, తీరిక లేదన్నాడు. అందులో అబద్ధం లేదు. అసలు కారణం మాత్రం అది కాదు.

జూన్ నెలాఖరున ఆ కేంద్రం నుంచి ఈమెయిలు వచ్చింది. ఎవరో ఒక సంచి తెచ్చి ఇచ్చారట. అందులో ఉన్న వస్తువులు రాసి పంపితే, అవి సరిపోతే, సంచిని పంపుతామన్నారు. ఫారంలో ఐదు గీతలున్నాయి. మొదటి గీత మీద రాయడానికి కూడా దేవేందర్‌కు ఏమీ తెలియదు.

ఆదివారం కామారెడ్డిలో, మరియ ఉండే ఎల్లారెడ్డికి బస్సు ఎక్కాడు.

మరియ చాటలో కందిపప్పు ఏరుతోంది. దొరికిన సంగతి ముందు చెప్పడం అతనికి సరైన పని అనిపించలేదు.

"వదినె, సంచి పోయింది. నేనే పోగొట్టిన."

ఆమె చెయ్యి ఆగింది. "యాడ?"

"సముద్రం కాడ. మర్చిపోయిన."

"ముగ్గురు సార్లున్నరు. బస్సుల నిండ పిల్లగాండ్లను తీస్కపోయి తీస్కొస్తరు. ఒక్క సంచి తేకపోయిన్రు."

అతను తల వంచుకున్నాడు. జేబులోంచి ఫారం తీసి, విషయం చెప్పాడు.

"దొరికిందా! గది ముందుగాల చెప్పొద్దా, దేవేందరూ?" ఆమె చాట పక్కన పెట్టింది. "రాయి. నీలం గళ్ళ అంగీలు రెండు. తువ్వాల. చిన్న బైబిలు. మంకీ టోపీ."

"టోపీనా?"

"ఎండకాలం టోపీ ఏందయ్యా అంటే, ఆడ మే నెలల చలి, నీకేం తెల్సు నా సోషల్ అన్నడు. చలి పెట్టిందా?"

"వణికినం వదినె. మా ముగ్గుర్ల ఒక్కరికి గూడ టోపీ లేకుండె."

ఆమె నవ్వింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఇంకేమన్న ఉన్నదా?" అని అడిగాడు.

"ఒక కాగితం పొట్లం. నాకు సూపియ్యలె. ఏందయ్యా అంటే, పోయొచ్చినంక చెప్తనన్నడు."

"పొట్లం అని రాయనా? ఏముందో వాళ్ళను అడుగుతా."

మరియ చాట మళ్ళీ ఒడిలోకి తీసుకుంది. నాలుగు గింజలు ఏరింది.

"వద్దు. ఎవలో తెలువనోళ్ళు చెప్తే నేను వినాల్నా?"

"రాయకుంటే సరిపోలేదంటరేమో, వదినె."

"నన్ను ఆలోచించుకోనియ్యి. తొందర పెట్టకు."

దేవేందర్ తొందరపెట్టలేదు. ఫారంలో నాలుగు గీతలు నిండాయి. ఐదో గీత మీద ఏమీ రాయలేదు. ఆమె చెప్పాకే పంపుదామని ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు.